తెల్ల లాంచీ కడుపున గీతలు

రాయపురంలో పడవలకి రంగులేసే రంగనాథానికి ఒక్కటే ఆస్తి, కుడిచేతి బొటనవేలి గోరు. దాన్ని పెంచి, అంచు అరగదీసి, కూతురు కోకిల వారానికోసారి ఆముదం రాస్తే రాయించుకుని కాపాడుకునేవాడు. పడవ పక్కన గొంతుక్కూర్చుని ఆ గోటిని రంగు మీద మెల్లగా లాగితే ఆయనకి అన్నీ తెలిసిపోయేవి. రంగు ఒక్కటే లేచిందా, చెక్క పుచ్చిందా, అతుకు విడిందా అన్నది అక్కడే తేల్చేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ గోరు తప్పు చెప్పింది లేదు. రంగనాథం చెప్పాక ఇక వడ్రంగిని పిలవక్కర్లేదని హార్బరు పొడుగునా అనుకునేవాళ్ళు. ఆయన చెవిన పడేటట్టే అనుకునేవాళ్ళు, ఎందుకంటే పొగిడితే కరిగిపోయే మనిషని అందరికీ తెలుసు.

ముత్తాత నెల్లూరు పక్కనించి ఉప్పు పడవలో వచ్చి ఇక్కడ దిగబడ్డాడట. అప్పట్నించీ ఆ ఇంట్లో మగవాళ్ళందరికీ తారు వాసనే. రంగనాథం భార్య పోయాక కూతురి దగ్గరే ఉన్నాడు. అల్లుడు కామేశం పరాయివాడు కాడు, సొంత అక్క కొడుకే. ఎత్తుకుని పెంచినవాడు. అందుకే ఆ ఇంట్లో మామకీ అల్లుడికీ మర్యాదలు తక్కువ, పోట్లాటలూ ప్రేమా ఎక్కువ.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో పరంధామయ్య గారి లాంచీ వచ్చింది. పరంధామయ్య ఓడలకి బియ్యం, కూరగాయలు, మాంసం సరఫరా చేసే వర్తకుడు. రేవులో చోటు దొరక్క బయట సముద్రంలో లంగరేసిన ఓడలకి సరుకూ కూలీలనీ చేరవెయ్యడానికి ఆయన ఈ లాంచీని శీమనించి తెప్పించాడు. అందులో చెక్క లేదు, మేకు లేదు, అతుకు లేదు. గాజుని దారాల్లా తీసి, ఆ నారని బంకలో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపరిచారట. దాని పేరు ఫైబర్‌గ్లాసు. పైన తెల్లటి పూత ఒకటి, పింగాణీ పళ్ళెంలా మెరిసిపోయేది. చూడ్డానికి జనం విరగబడ్డారు. వడ్రంగులు నవ్వారు. రంగనాథానికి మాత్రం నవ్వు రాలేదు. ఆ పడవకి రంగు అక్కర్లేదని ఎవరో అనడం ఆయన విన్నాడు. రంగు అక్కర్లేని పడవలు వస్తే రంగనాథం ఎందుకు?

కామేశాన్ని ఆ లాంచీకి తండేలుగా పెట్టారు. ముందు ఎవడో ఒకడి కింద తాడు లాగినవాడు ఇప్పుడు చుక్కాని పట్టుకుని పదిమందికి పెద్ద అయ్యాడు. కోకిల వీధంతా చక్కెర పంచింది. లాంచీతో వచ్చిన పెట్రోలు ఇంజను మరీ తాగుబోతని పరంధామయ్య రెండో నెలలోనే దాన్ని పీకించి, పాత లారీ డీజిలు ఇంజనొకటి బిగించాడు. అది ముందుదానికి రెండింతల బరువు. ఎవరూ పట్టించుకోలేదు. చెక్క పడవల్లో అలాంటి మార్పులు ఎన్ని చెయ్యలేదు?

జూలైలో లాంచీ ముక్కు మీద సన్నటి గీతలు కనిపించాయి. వెంట్రుకవాసి గీతలు. పరంధామయ్య రంగనాథాన్ని పిలిపించాడు.

"ఏంది రంగనాథం, దొరసానమ్మకి ముడతలు పడతుండాయి?"

రంగనాథం లాంచీ ముక్కు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. దీపప్పొగ మసిని కిరసనాయిలులో కలిపి, ముక్కు నిండా పులిమి, కాసేపాగి పాతగుడ్డతో తుడిచాడు. మసి తెల్లపూత మీదనించి పోయి గీతల్లో మాత్రం నిలబడింది. అప్పుడు తేలింది బొమ్మ. అవి ఊరికే గీతలు కావు, నక్షత్రాలు. ఒక్కొక్క చుక్కనించి అయిదారు కాళ్ళు బయటికి పాకాయి. అన్నీ కుడిపక్కనే, అన్నీ రేవు మీద నిలబడ్డ మనిషి రొమ్ము ఎత్తులోనే. రంగనాథం లెక్కపెట్టాడు. పది ఉన్నాయి. పక్కన పరంధామయ్య భార్య కమలాంబ పసుపు కుంకుమల పళ్ళెంతో నిలబడి ఉంది.

"అమ్మా, లాంచీ వచ్చి ఎన్ని శుక్రవారాలైంది?"

"పదకొండు."

"ఒక శుక్రవారం తమరు రాలేదు కదమ్మా?"

కమలాంబ ఆశ్చర్యపోయింది. "జొరంతో పడుంటిని. నీకెట్టా తెలుసు?"

తెలియకేం. ప్రతి శుక్రవారం ఆవిడ పూజ చేసి లాంచీ ముక్కుకి కొబ్బరికాయ కొట్టేది. మన రేవులో పడవకి కాయ కొట్టకుండా సముద్రంలోకి దింపే మొనగాడు ఇంకా పుట్టలేదు. చెక్క పడవ ముక్కుకి ఇనప పట్టీ ఉంటుంది, దానికి కొడతారు. ఈ పింగాణీ సుందరికి పట్టీ ఎక్కడిది? కాయ పగిలింది, పూతా పగిలింది.

జనం పగలబడి నవ్వారు. కమలాంబ సిగ్గుపడి తానూ నవ్వింది. పరంధామయ్య రంగనాథం భుజం తట్టాడు. అక్కడితో ఊరుకుంటే కథే లేదు. పొగడ్త తలకెక్కిన మనిషి ఇంకో మాట అన్నాడు.

"పైపూత మాత్రమే అయ్యా. లోపల నార చెక్కుచెదరలా. ఈ పడవకి నేను పూచీ."

చూసింది మూరెడు ముక్కు. పూచీ పడింది పడవ మొత్తానికి. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాటని చుక్కాని దగ్గర నిలబడ్డ కామేశం విన్నాడు, కూలీలు విన్నారు, సాయంకాలానికల్లా రేవంతా విన్నది. ఆ రోజునించి రంగనాథం పేరు కొబ్బరికాయ డాక్టరు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన విసుక్కున్నట్టు నటించి లోలోపల మురిసిపోయేవాడు. రంగు అక్కర్లేని పడవలకి కూడా రంగనాథం కావాలని లోకానికి రుజువైంది కదా.

ప్రతి ఆదివారం లాంచీని ఒడ్డుకి లాగి అడుగున పట్టిన నాచు గీకేవారు. సెప్టెంబరు చివర ఒక ఆదివారం ఆ పని రంగనాథమే చేస్తున్నాడు. లాంచీ కింద వెల్లకిలా పడుకుని లప్పం కత్తితో గీకుతుంటే బొటనవేలి గోరు దేనికో తగిలి ఆగింది. నాచు తుడిచి చూశాడు. ఒక గీత. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన మూడోది. మోచేతి పొడుగున, తిన్నగా, పలక మీద గీసినట్టు.

ఆయన మనసుకి మొదట తోచింది కొబ్బరికాయే. ఎవరో కొట్టి ఉంటారనుకున్నాడు. పడవ కడుపు కింద దూరి కొబ్బరికాయ కొట్టే భక్తుడెవడని ఆ వెంటనే తనకే అనిపించింది. మసి పులిమి తుడిచాడు. నక్షత్రాల్లేవు, దెబ్బ తగిలిన చుక్క లేదు. రెండో పక్కకి పాక్కుంటూ వెళ్ళి చూస్తే అక్కడా మూడు గీతలు, అంతే పొడుగు. సరిగ్గా వాటి పైన, లాంచీ లోపల, ఇంజను కూర్చున్న దిమ్మెలు రెండూ ఉన్నాయి. 

ఎవరితోనూ అనలేదు. తొందరపడి ఒకసారి నోరు జారానన్న భయం అప్పటికే లోపల మొదలైంది. ప్రతి గీత కొసనా పెన్సిలుతో చిన్న అడ్డగీత పెట్టి, తారీకు రాసుకుని, లాంచీని నీళ్ళలోకి పోనిచ్చాడు. ఆ వారం రోజులూ అన్నం సయించలేదు. కామేశం పొద్దున్నే వెళుతుంటే వీధి చివరిదాకా చూసేవాడు. సాయంకాలం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కునే చప్పుడు వినేదాకా లోపలికి వెళ్ళేవాడు కాడు. కోకిల అడిగితే కడుపులో బాగాలేదన్నాడు.

మళ్ళీ ఆదివారం. పెన్సిలు గుర్తుల్ని దాటి గీతలు రెండేసి అంగుళాలు పాకాయి.

లప్పం కత్తి పిడితో తట్టాడు. ముక్కు దగ్గర కంగుమంది. పక్కల్లో కంగుమంది. గీతల చుట్టూ తడితే ఓటికుండ చప్పుడు. మధ్యాహ్నానికి ఎండకి పడవంతా ఎండి తెల్లగా మెరుస్తోంది, ఆ గీతల్లోంచి మాత్రం చుక్కచుక్కగా గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. వేలికి అద్ది వాసన చూస్తే పులిసిన వాసన. లోపల పొరలు నీళ్ళు తాగాయన్నమాట. కామేశాన్ని పిలిచి ఒక్క నిమిషం ఇంజను తిప్పమన్నాడు. తిప్పుతుంటే గీతల మీద అరచెయ్యి ఆనించాడు. గట్టి పడవ అనుకున్నది ఎగశ్వాస పీల్చే రోగి డొక్కలా లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. పైన పటారం, లోన లొటారం. ఆ బరువు ఇంజను కదిలినప్పుడల్లా అడుగు వంగుతోంది, వంగినప్పుడల్లా నార తెగుతోంది. ఏదో ఒక రోజు పెద్ద అల మీదనించి దిగి దబ్బున పడ్డప్పుడు దిమ్మెలు అడుగుని చీల్చుకుని పోతాయి. ఇంజను ముందు మునుగుతుంది, మనుషులు తర్వాత. ఇదంతా రంగనాథానికి ఆ అరచేతిలో తెలిసింది.

చెయ్యి తుడుచుకోకుండానే పరంధామయ్య ఇంటికి పోయాడు. ఆయన భోంచేసి ఉయ్యాలబల్ల మీద ఉన్నాడు.

"అయ్యా, లాంచీ కడుపు చెడింది. నీళ్ళలోకి దించబాకండి. ఆ ఇంజను తీసేయించండి."

"నిండు పున్నమి లాంటి పడవ. ఏమయింది?"

"గీతలు పడ్డాయి. పాకతుండాయి."

పరంధామయ్య నవ్వాడు. "మా ఆవిడ మళ్ళీ కాయ కొట్టిందా?"

"అది వేరే గీత, ఇది వేరే గీత అయ్యా. అది దెబ్బకి పడింది. ఇది వంగి పడతుండాది. వారంలో రెండంగుళాలు పోయింది."

"చెక్క పడవ అతుకు విడితే ఏం చేస్తాం? నీళ్ళలో నానేస్తాం. ఉబ్బి మూసుకుంటది."

"ఇది చెక్క కాదు అయ్యా. ఇది ఉబ్బదు. తెగటమే తెలుసు దీనికి."

పరంధామయ్య చెడ్డవాడు కాదు. కూలీల ఇళ్ళలో చావుకీ పెళ్ళికీ నిలబడే మనిషి. కాని వానల కాలం మొదలవుతోంది, బయట ఓడలు వరసగా నిలిచి ఉన్నాయి, ఉన్నది ఒక్క లాంచీ. నిజం వినడానికి అది అనువైన రోజు కాదు. ఉయ్యాల ఆపి సూటిగా చూశాడు.

"జూలైలో పదిమంది ముందర పడవకి పూచీ అన్నది ఎవరు రంగనాథం? నేనా?"

రంగనాథం తుడుచుకోని చేతిని పంచెకి రుద్దుకున్నాడు.

"ఆడ లప్పం పెట్టి తెల్లరంగు వెయ్యి. సరిపోతది."

"వెయ్యను అయ్యా."

ముప్పై ఏళ్ళలో రంగు వెయ్యనని రంగనాథం అనడం అదే మొదలు. ఆయన వెయ్యకపోతే వేసేవాడు లేకపోలేదు. సాయంకాలానికి ఇంకొకడెవడో వచ్చి గీతల్లో లప్పం కూరి రంగు పూశాడు. కింద దూరి చూసినా ఏమీ కనిపించనంత నున్నగా తేలింది కడుపు.

ఆ రాత్రి అన్నాల దగ్గర రంగనాథం అల్లుడితో అన్నాడు. "రేపటినించి ఆ లాంచీ ఎక్కబాక."

కామేశం ముద్ద కిందపెట్టాడు. "ఏంది మావా, నువ్వే కదా బాగుండాదంటివి?"

"తప్పు చెప్పినా."

"పోయినసారి కొబ్బరికాయంటివి, అందరూ నమ్మినారు. ఇప్పుడు కాదంటుండావు. నీ మాట కోసం నేను తండేలు పని వదులుకోవాల్నా? మళ్ళీ ఎవడి కిందో తాడు లాగాల్నా?"

"లాగు. బతికుంటే తాడు లాగచ్చు."

కామేశం మొండివాడు. నమ్మలేదు, నమ్మినట్టు నటించనూ లేదు. మాటామాటా పెరిగింది. రంగనాథం చివరికి కూతురి వైపు తిరిగాడు, కోకిల తలమీద చెయ్యిపెట్టి ఆ లాంచీ మునుగుతుందని ప్రమాణం చేశాడు. తండ్రి ఎప్పుడూ ప్రమాణాలు చెయ్యడని కోకిలకి తెలుసు. ఆవిడ లేచి మొగుడి తండేలు ఖాకీ చొక్కా తీసి పెట్టెలో పెట్టి తాళంవేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. మర్నాడు కామేశం వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మామతో మాట్లాడటం మానేశాడు. అయినా రంగనాథం ఆ రెండు రోజులూ కడుపునిండా తిన్నాడు, వీధి అరుగు మీద ఒళ్ళెరక్క నిద్రపోయాడు. నిజం చెప్పాలంటే ఆయన గుండె మీదనించి బండరాయి దొర్లిపోయింది. నా పిల్లలు బతికారని సంతోషించిన తండ్రిని ఎవరు తప్పుపడతారు?

మూడో రోజు ఉదయం పదింటికి లూర్దుమేరి వచ్చింది. ఆ వీధి చివర ఉండే చేపలమ్మే మనిషి. ఎప్పుడూ గంపతో వాకిట్లోనే కూర్చునే మనిషి ఆ రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరిటాకులో చుట్టిన పెద్ద వంజరం చేప తెచ్చింది.

"అన్నే, ఇది మీకు. డబ్బులు ఇవ్వబాకండి. మా ఆయనకి తండేలు పని దొరికింది."

రంగనాథం చుట్ట పక్కన పెట్టాడు. "ఏ లాంచీకి?"

"తెల్ల లాంచీకే. మీ అల్లుడు మానుకున్నాడంట కదా, రెండు రోజులు చూసి పరంధామయ్య మొదలాళి మా సూసైని పిలిచి ఇచ్చినారు. మీ ఇంటి చలవే అన్నే. పొద్దున్నే పోయినాడు."

రంగనాథం ఆ చేప వైపు చూశాడు. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. తర్వాత మెల్లగా, ఏ మాటా దాచకుండా, గీతల సంగతి, పులిసిన నీళ్ళ సంగతి, అరచేతికి తగిలిన కదలిక సంగతి చెప్పాడు.  లూర్దుమేరి అంతా విని, అరవకుండా, ఏడవకుండా అడిగింది.

"మీ అల్లుడు దిగితే ఇంకొకడు ఎక్కతాడని మీకు తెలీదా అన్నే?"

ఆయనకి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? రేవులో పని ఖాళీగా ఉండదని పసిపిల్లకి కూడా తెలుసు. అది తలుచుకోకుండా ఉండటానికే ఆ రెండు రోజులూ అంత గాఢంగా నిద్రపోయాడేమో.  చొక్కా వేసుకుని లేచాడు.

ఇద్దరూ రేవుకి నడిచారు. ఈశాన్యంలో మబ్బు కమ్మి ఉంది. సముద్రం సీసంలా ఉంది, రేవు గోడ అవతల అలలు ఒక్కొక్కటీ నింపాదిగా లేచి పడుతున్నాయి. లాంచీ తిరిగి రావలసిన వేళ దాటిపోయింది. లూర్దుమేరి చేపని చంకలో అలాగే పట్టుకుని కళ్ళార్పకుండా నిలబడింది. రంగనాథం ఆవిడకి కొంచెం దూరంగా నిలబడ్డాడు. పక్కన నిలబడే అర్హత తనకి లేదనిపించింది.

పన్నెండున్నరకి తెల్లగా ఏదో కనిపించింది. అది లాంచీయే. వస్తూ వస్తూ ప్రతి అలకీ ముక్కు ఎత్తి దబ్బున పడుతోంది. పడ్డప్పుడల్లా రంగనాథం పళ్ళు గిట్టకరిచాడు. చివరికి గోడ చాటుకి వచ్చి, మెట్ల దగ్గర ఆగింది. సూసై పెళ్ళాన్ని చూసి చెయ్యి ఊపాడు. లాంచీలో నీళ్ళు తోడే డబ్బా తేలుతోంది. రెండో ఖేపుకి సరుకు మెట్ల మీద సిద్ధంగా ఉంది, కూలీలు ఎక్కడానికి లేచారు.

రంగనాథం మెట్ల మీదికి వెళ్ళి అందరికీ వినబడేలా అన్నాడు.

"నేను తప్పు చెప్పినా. ఆ పడవకి నా పూచీ లేదు. అడుగు తెగిపోతుండాది. ఎక్కబాకండి."

జనం ఆయన వైపు చూశారు. "కొబ్బరికాయ డాక్టరుకి ఏమొచ్చింది ఇయ్యాల?" అని వెనకనించి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. రంగనాథం మళ్ళీ చెప్పాడు, మూడోసారి చెప్పాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. నవ్వనిది లూర్దుమేరి ఒక్కతే. ఆవిడ మొగుడికి ఒక్క మాట చెప్పింది.

"దిగు."

సూసై కాళ్ళ కింద నిలిచిన నీళ్ళ వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. చుక్కాని వదిలి దిగాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా తీసుకుపోయింది.

పరంధామయ్య గుమాస్తా మెట్ల మీద నిలబడి విసుగ్గా అరిచాడు. "తండేలుగా ఎవరు వస్తారయ్యా? ఓడ కాచుకోనుండాది."

కూలీల గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చింపిరి జుట్టు, మోకాళ్ళ పైకి ఎగగట్టిన పంచె. రంగనాథం అతన్ని ఎప్పుడూ చూడలేదు. అతను ఆయన్ని పక్కకి తోసుకుని కాదు, మర్యాదగా తప్పుకుని, తలకి తువ్వాలు చుట్టుకుంటూ లాంచీలోకి దిగాడు. మొహంలో అదృష్టం వరించినవాడి వెలుగు. అతని వెనకాలే ఏడుగురు కూలీలు దిగారు.

"నాయనా, వద్దు," అన్నాడు రంగనాథం. "నీ పేరేంది?"

అతను చుక్కాని పట్టుకుని, నవ్వుతూ తలెత్తి ఏదో చెప్పాడు. అప్పటికే ఇంజను మొదలైంది. ఆ చప్పుడులో పేరు వినబడలేదు.